ఊరికే కూర్చొని అల్లింది కాదు



ఈ వారం కొంచెం కటువుగా రాయవలసి వస్తున్నది. తప్పు మా దగ్గరే మొదలైంది గనుక మాతోనే మొదలుపెడతాం.

క్రిస్మస్ తరువాతి ఆదివారం ఆరాధన ముగిశాక మన సంఘంలోని ఒక అవ్వ చేతిలో కవరు పట్టుకొని బల్ల దగ్గరికి వచ్చింది. కవరులో తెల్ల నూలు దారంతో క్రోషా అల్లిన చిన్న గౌను, దానికి జతగా టోపీ ఉన్నాయి. మనవరాలి మొదటి పుట్టినరోజు కోసం అల్లింది. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు, కోడలు, పాప పండుగకు వచ్చి పక్కనే నిలబడి ఉన్నారు. "ప్రార్థన చేసి ఇవ్వండి అయ్యగారూ" అని అవ్వ ఆ గౌను మా చేతుల్లో పెట్టింది. ఇంతలో కొడుకు నవ్వుతూ, "ఎందుకు మా ఈ కష్టం? కండ్లు పోగొట్టుకుంటా ఉండావు. ఆన్‌లైన్‌లో నాలుగు వందలకు ఇంతకన్నా మంచిది వస్తుంది గదా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మేమూ నవ్వాం. అవ్వ కూడా నవ్వేసి, "ఊరికే కూర్చోనుంటి గదా నాయనా, అల్లినా" అంది.

మేము రెండు మాటలు ప్రార్థన చేసి పంపించేశాం.

నాలుగు రోజుల తరువాత అవ్వ అదే కవరుతో మా ఇంటికి వచ్చింది. కొడుకు వాళ్లు బెంగళూరుకు వెళ్లిపోయారు. బ్యాగుల్లో చోటు చాలలేదంట, గౌను మంచం మీదే ఉండిపోయింది. "ఎవరైనా పేద బిడ్డకు ఇచ్చేయండి అయ్యగారూ" అని ఇచ్చి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

ఆ కొడుకు చెడ్డవాడు కాడు. నెలనెలా తల్లికి డబ్బు పంపుతాడు. కంటి ఆపరేషను చేయించాడు. వారం వారం వీడియో కాల్ చేస్తాడు. అందుకే ఇది రాస్తున్నాం. చెడ్డవాడి గురించి అయితే రాయనక్కరలేదు, అందరికీ తెలుసు. మంచివాళ్లమైన మనం చేసే ఈ పని గురించే మాట్లాడాలి. అవ్వను అడిగి, ఒప్పుకున్నాకనే రాస్తున్నాం. పేర్లు రాయడం లేదు.

మా ఇంటావిడకు ఈ అల్లిక కొంత తెలుసు. ఆమె గౌనును లైటు కిందికి తీసుకెళ్లి వరుసలు లెక్కపెట్టింది. తరువాత అవ్వ ఇంటికి వెళ్లి కూర్చొని అడిగింది. ఊళ్లో దీపావళి టపాకాయలు కాలుస్తున్నప్పుడు మొదలుపెట్టిందంట, క్రిస్మస్ వారంలో ముగిసింది. అంటే సుమారు అరవై రాత్రులు. అన్నం తిని, గిన్నెలు కడిగి, ఆవుకు మేత వేశాక రోజూ గంటన్నర. రెండుసార్లు భుజం దగ్గర కుదరక పూర్తిగా విప్పి మళ్లీ అల్లింది. మొత్తం తొంభై గంటలు. గంటకు 50 రూపాయలు అని చాలా తక్కువగా కట్టినా 4,500 రూపాయలు, దారం ఖర్చు కాక. నాలుగు వందల గౌను కన్నా ఇది ఎందులో తక్కువో ఇప్పుడు చెప్పండి.

ఇంకో సంగతి. తెల్లవారుజామున లేచి పాలు పితికి కేంద్రానికి పోసి, ఇల్లు ఊడ్చి, వంట చేసి, పగలంతా చేనిలో కలుపు తీసే ఆ అవ్వ ఏ గంటలో 'ఊరికే కూర్చొని' ఉంది? మేము ఎంత వెదికినా ఆ గంట కనబడలేదు. నిద్రలో నుండి కోసి తెచ్చిన గంటన్నరను ఆమె 'ఊరికే' అంటోంది. మనం నమ్ముతున్నాం, ఎందుకంటే నమ్మితే మనకు సులువు. ఊరికే చేసిన పనికి బదులు చెప్పనక్కరలేదు, బ్యాగులో చోటు చేయనక్కరలేదు.

ఆ పాప ఎనిమిదో నెల నిండకుండానే పుట్టింది. మూడు వారాలు గాజు పెట్టెలో ఉంచారు. అవ్వను లోపలికి రానివ్వలేదు, ఫోనులో చూపించారు. సంఘమంతా ఆ రోజుల్లో ప్రార్థన చేశాం, మీకు గుర్తుండే ఉంటుంది. మా ఇంటావిడ అవ్వను అడిగింది, "అప్పుడు ఏమైనా మొక్కుకున్నావా అవ్వా" అని. అవ్వ చెప్పిన మాట మేము సెమినరీలో చదువుకున్న రోజుల్లో కూడా ఇంత తేటగా వినలేదు. "మొక్కు కాదమ్మా. మొక్కు అంటే ముందు అడిగి, ఇస్తే చెల్లించేది. నేను దేవునికి ఏ మాటా ఇయ్యలేదు. ఆయనే ఇచ్చేసినాడు. ఇంగ ఊరికే ఉండలేక అల్లినా."

ఊరికే కూర్చొని అల్లినా అని కొడుకు ముందు అన్న మనిషే, ఊరికే ఉండలేక అల్లినా అని మా ఇంటావిడతో అంది. మొదటిది మన కోసం చెప్పింది. రెండోది నిజం.

ఇప్పుడు వాక్యం చూద్దాం. లేవీయకాండము ఏడవ అధ్యాయంలో కృతజ్ఞతార్పణ గురించి ఒక కట్టడ ఉంది. ఆ బలి మాంసాన్ని అర్పించిన దినమే తినాలి, తెల్లవారేదాకా మిగల్చకూడదు. మిగతా అర్పణలకు కొన్నింటికి రెండో రోజు దాకా వెసులుబాటు ఉంది, దీనికి లేదు. మేము చాలా ఏళ్లుగా దీన్ని ఎండ దేశంలో మాంసం పాడవుతుందనే జాగ్రత్తగా మాత్రమే చెప్పుకుంటూ వచ్చాం. ఇప్పుడు వేరుగా అర్థమవుతోంది. ఒక మనిషి దేవునికి కృతజ్ఞత చెప్పడానికి తెచ్చిన దాన్ని పక్కన పెట్టి దాచడానికి వీల్లేదు. ఒక్క రోజులో అంత మాంసం ఒక ఇంటివాళ్లే తినలేరు. కూర్చోబెట్టి పదిమందికి పెట్టాలి, అందరూ తిని సంతోషించాలి. అవ్వ అల్లిన గౌను కూడా అటువంటిదే. అది బీరువాలో నాఫ్తలీను ఉండల మధ్య పెట్టేది కాదు. పాపకు తొడగాలి, పాలు ఒలకాలి, మట్టి అంటాలి, ఉతకాలి, మళ్లీ తొడగాలి. వేసుకొని చింపినా అవ్వ ఏమీ అనుకోదు. వేసుకోకుండా తెల్లగా ఉంచితే మాత్రం అది చెడిపోయినట్టే.

"కానుకను ఫొటో తీసి స్టేటస్ పెట్టాం గదా అయ్యగారూ" అనేవాళ్లున్నారు. తొడిగిన ఐదు నిమిషాలు ఫొటో కోసమేనా?

ఇక ఇంకో వైపు నుండి వచ్చే మాట. ఈ మధ్య ఒక ప్రసంగీకుని వీడియో మన వాట్సప్ గుంపులో చాలామంది పంపుకున్నారు. వయసు మళ్లిన స్త్రీలు దారాలు, సూదులు, అల్లికలు పక్కన పెట్టి బైబిలు పట్టుకోవాలని, మార్తలాగా పనుల్లో పడిపోవద్దని ఆయన సెలవిచ్చారు. మన స్త్రీల సమాజంలో ఇద్దరు అది విని సూది మానేశారని తెలిసి బాధపడ్డాం. ఆ ప్రసంగీకుడు మాకంటే పెద్ద సభల్లో మాట్లాడేవాడే. అయినా ఈ విషయంలో ఆయన తప్పు చెప్పాడు.

మార్తను ప్రభువు గద్దించింది పని చేసినందుకు కాదు, అనేకమైన వాటిని గూర్చి కలత చెంది, పక్కన ఉన్న చెల్లెలి మీద సణిగినందుకు. చేతిపనిని ప్రభువు ఎక్కడ తక్కువ చేశాడు? నిర్గమకాండము 35లో ప్రత్యక్షపు గుడారానికి నీలం, ధూమ్రవర్ణం, రక్తవర్ణం దారాలు వడికి తెచ్చిన స్త్రీలను జ్ఞానహృదయం గలవాళ్లని గ్రంథమే చెబుతోంది. ఆ మాట వాళ్ల ప్రార్థనల గురించి రాయలేదు, వాళ్ల చేతుల గురించి రాసింది. పౌలు డేరాలు కుట్టాడు. ఆ ప్రసంగీకుడు మార్తను చూశాడు గాని దొర్కాను ఎందుకు చూడలేదో మాకు తెలియదు.

అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం మళ్లీ చదవండి. యొప్పే పట్టణంలో దొర్కా చనిపోయింది. పేతురు మేడగదిలోకి వచ్చాడు. విధవరాండ్రు ఏడుస్తూ చుట్టూ నిలబడి ఏమి చూపించారు? ఆమె చెప్పిన సాక్ష్యాలు, ఆమె చేసిన ఉపవాసాలు లెక్క చెప్పలేదు. ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, వస్త్రాలు చూపించారు. బహుశా వాటిలో కొన్ని వాళ్ల ఒంటి మీదే ఉండి ఉంటాయి. ఒక శిష్యురాలి జీవితాన్ని అపొస్తలుని ముందు రుజువు చేయడానికి ఆ బట్టలే చాలాయి.

హన్నా సంగతి అయితే ఇంకా దగ్గరగా ఉంటుంది. సమూయేలును షిలోహులో విడిచిపెట్టాక ఆమె ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది. ఈ వచనం మీద మేమూ ప్రసంగాలు చేశాం, కాని ఒక ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. ఆమెకు కొలత ఎట్లా తెలిసింది? పిల్లవాడు కంటికి దూరంగా ఉన్నాడు. సంవత్సరానికి ఒకసారే చూస్తుంది. పోయినేడు ఇంతున్నాడు, ఈ ఏడు ఇంత అయ్యుంటాడు, భుజం ఇంత, చెయ్యి ఇంత అని మనసులో పెంచుకుంటూ కుట్టి ఉండాలి. మన అవ్వలు చేస్తున్నది అదే. వీడియో కాల్‌లో పాప పక్కన పెట్టిన నీళ్ల బాటిలును చూసి ఎత్తు అంచనా వేసుకుంటారు. మన అవ్వ నడుము దగ్గర రెండు వరుసలు వదులుగా అల్లింది, "బిడ్డ పెరిగి ఉంటుంది గదా" అని. ప్రార్థన మానేసి అల్లుతున్నారనే వాళ్లను ఒక్కటే అడుగుతున్నాం. చూడని బిడ్డను రాత్రంతా తలుచుకుంటూ కూర్చోవడాన్ని మీరు ఏమంటారు?

మన ఊరి సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాం. పుత్తూరు కట్టు అంటే మన రాష్ట్రం దాటి తెలుసు. ఎముక విరిగినవాళ్లు తమిళనాడు నుండి, కర్ణాటక నుండి బండ్లు కట్టించుకొని వస్తారు. అక్కడ ఉన్నదేమిటి? ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ, తరతరాలుగా చేతికి వచ్చిన నేర్పు. కట్టు కట్టే మనిషితో "ఊరికే కూర్చొని కడుతున్నావు గదా" అని ఎవరైనా అన్నారా? చేతి పనికి విలువ ఇవ్వడం మన ఊరికి కొత్త కాదు. ఆ చెయ్యి ఇంట్లో అవ్వది అయితే మాత్రం విలువ మాయమవుతుంది.

ఈ మాయ వెనుక ఒక చరిత్ర ఉంది, అందులో సంఘానికీ భాగం ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పేరు మీరు విని ఉంటారు. క్రోషా లేసుకు పేరు పొందిన ప్రాంతం. 19వ శతాబ్దంలో అక్కడి స్త్రీలకు ఈ అల్లిక నేర్పింది మిషనరీలు. స్కాట్లాండు నుండి వచ్చిన మాక్రే దంపతుల పేరు ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదట నేర్చుకున్నవాళ్లలో కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన పేద దళిత స్త్రీలు ఉన్నారు. ఐర్లాండులోనూ దాదాపు ఇదే జరిగింది. 1845లో ఆలుగడ్డ పంటకు తెగులు తగిలి ఘోరమైన కరువు వచ్చినప్పుడు, సన్యాసినులు నేర్పిన క్రోషా లేసు అమ్ముకొని ఎన్నో కుటుంబాలు ప్రాణం నిలబెట్టుకున్నాయి. ఆ తల్లులు చేసిన మేలును మేము తక్కువ చేయం. ఆకలి తీర్చిన సూది అది.

కాని తరువాత ఏమైందో కూడా చెప్పాలి. నరసాపురంలో వ్యాపారులు వచ్చారు, ఎగుమతిదారులు వచ్చారు. ఒక స్త్రీ పువ్వులు మాత్రం అల్లుతుంది, దాన్ని చేతిపని అంటారు. ఇంకొక స్త్రీ వాటిని కలుపుతుంది, అది అతుకుపని. ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుస్తారో, ఎంతకు అమ్ముతారో అల్లిన మనిషికి తెలియదు. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే పరిశోధకురాలు 1970ల చివరలో అక్కడి పల్లెల్లో తిరిగి, ఆ స్త్రీల గురించి రాసిన పుస్తకం 1982లో వెలువడింది. ఇంటి చాకిరీ అంతా చేసుకున్నాక కూడా వాళ్లు రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లేవాళ్లు. వచ్చేది కనీస కూలికి కూడా చాలా దిగువన. అంత తక్కువ ఇవ్వడం ఎట్లా సాధ్యమైంది? ఒక్క మాట వల్ల. వీళ్లు గృహిణులు, తీరిక వేళల్లో కాలక్షేపానికి అల్లుకుంటున్నారు అన్నారు. తీరిక అన్నాక కూలి ఎందుకు? కాలక్షేపం అన్నాక న్యాయం ఎవరు అడుగుతారు?

ఆ 'తీరిక', మన అవ్వ నోట వచ్చిన 'ఊరికే' ఒకే మాట. అక్కడ వ్యాపారి వాడుకున్నాడు, ఇక్కడ మనం వాడుకుంటున్నాం. నరసాపురం క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. ఆ గుర్తింపు అల్లిన చేతికి ఎంత అందుతుందో అడిగే బాధ్యత, ఆ సూదిని మొదట ఆ చేతికి ఇచ్చిన సంఘానికి లేదా?

నాలుగు వందల గౌను మాట మళ్లీ తీసుకుందాం. మన నగరి, పుత్తూరు ప్రాంతంలో మగ్గాల మీద బతికేవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లకు ఇది చెబితే వెంటనే తెలుస్తుంది. గుడ్డ నేయడానికి మరమగ్గం ఉంది. స్వెట్టరు అల్లడానికి యంత్రం ఉంది. నిజమైన క్రోషాకు మాత్రం ఇప్పటికీ చెయ్యే కావాలి. కొక్కెం సూదితో ఒక్కొక్క ముడిని ముందు ముడిలో గుచ్చి, దారం లాగి ముగించాలి. యంత్రం చేసేది దానిలా కనబడే లేసు మాత్రమే. కాబట్టి నాలుగు వందలకు వచ్చిన ఆ 'క్రోషా' గౌను అయితే యంత్రం చేసిన పోలిక అయ్యుండాలి, లేదా ఎక్కడో ఒక తల్లి తొంభై గంటలు అల్లి, నడుమ ఉన్న అందరి లాభం పోగా మిగిలిన చిల్లర తీసుకొని ఉండాలి. యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో, మోసముగా బిగబట్టిన కూలి మొర పెడుతుందని, ఆ కేక సైన్యములకు అధిపతియైన ప్రభువు చెవులకు చేరిందని ఉంది. చౌకగా దొరికింది అని సంతోషించే ముందు ఆ కేక వినబడుతుందేమో ఒక్క క్షణం ఆగి వినండి.

మనమేమీ గొప్పగా లేము. పోయిన డిసెంబరులో మన మందిరం ఆవరణలో స్త్రీల సమాజం వాళ్లు అల్లికలు అమ్మకానికి పెట్టారు. టీవీ మీద వేసే గుడ్డ 250 అంటే 100కి ఇవ్వమని బేరం చేసినవాళ్లు మన సంఘ పెద్దలే. "దేవుని పని కోసం గదమ్మా, తగ్గించండి" అన్నారు. తగ్గించారు. ఆ డబ్బు మళ్లీ మందిరానికే ఇచ్చారు. తరువాతి ఆదివారం కానుకలు చదివేటప్పుడు మేము ఐదు వందలు ఇచ్చినవాళ్ల పేరు చదివాం, వెయ్యి ఇచ్చినవాళ్ల పేరు చదివాం. అల్లినవాళ్ల పేరు ఒక్కటి కూడా చదవలేదు. 'స్త్రీల సమాజం' అని ఒక్క ముక్కలో తేల్చేశాం. ఈ పాపం కమిటీది కాదు, చదివిన నోరు మాది.

అవ్వలకు కూడా ఒక మాట చెప్పాలి, కోపం తెచ్చుకోవద్దు. కొందరు తల్లులు అల్లి ఇచ్చి, ఆ దారంతోనే కోడలిని కట్టేస్తారు. "నేను కండ్లు పోగొట్టుకొని అల్లితే ఒక్కరోజు కూడా వేయలేదు" అని ఏడాది పొడవునా పదిమందికి చెబుతారు. అది అప్పు అవుతుంది, కానుక కాదు. మన ఎండకు ఊలు టోపీ పెడితే బిడ్డకు చెమటకాయలు వస్తాయని కోడలు చెప్పినప్పుడు వినండి. నూలు దారంతో అల్లండి, కొలత అడగండి, రంగు అడగండి. అడిగితే మర్యాద తగ్గదు. ముఖ్యంగా ఆ 'ఊరికే' అనే మాట మానేయండి. "రెండు నెలలు అల్లినా, దేవుడు నిన్ను మాకు ఇచ్చినందుకు" అని బిడ్డకు చెప్పండి. లోయి విశ్వాసం ముందు యునీకేకు, తరువాత తిమోతికి చేరిందని పౌలు రాశాడు. అవ్వ నోరు తెరిచి చెప్పకపోతే మనవడికి ఎట్లా తెలుస్తుంది?

మన మందిరంలో ఇకమీదట జరిగేది రాస్తున్నాం, అభ్యంతరం ఉన్నవాళ్లు మమ్మల్ని వచ్చి కలవండి. వచ్చే కోత పండుగ నుండి అల్లికల మీద ధరతో పాటు పట్టిన గంటలు కూడా చీటీ మీద రాస్తారు. బేరం లేదు. మందిరానికి ఇవ్వాలా, ఇంట్లో వాడుకోవాలా అనేది అల్లిన తల్లి ఇష్టం. కానుకల పట్టీలో అల్లినవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చదువుతాం. శనివారం మధ్యాహ్నం ఆదివారం బడి పిలకాయలకు ఇద్దరు అవ్వలు అల్లిక నేర్పుతారు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ. "మగబిడ్డకు సూది ఎందుకు" అని ఇప్పటికే ఒకరు అడిగారు. గుడారపు తెరలకు చిత్రమైన పని చేయడానికి దేవుడు తన ఆత్మతో నింపిన బెసలేలు మగవాడే అని చెప్పాం. ఆయన ఇంకేమీ అడగలేదు.

ఇక ఆ గౌను. పేద బిడ్డకు ఇవ్వమని అవ్వ చెప్పింది గాని మేము ఇవ్వలేదు. దర్జీ దగ్గర గుడ్డ కొని, ఈ వీధిలో గౌను అవసరమైన బిడ్డకు వేరేది కుట్టించి ఇచ్చాం. అవ్వ అల్లినది మా ఇంట్లోనే ఉంది. పాప పుట్టినరోజు దాటిపోయింది, కాని మా ఇంటావిడ కొలిచి చూసింది. ఆ వదులుగా అల్లిన రెండు వరుసల వల్ల ఇంకో రెండు మూడు నెలలు సరిపోతుంది. తమ్ముడూ, నువ్వు ఈ పేజీ చదువుతావని మాకు తెలుసు. ఆ రోజు నీతో పాటు నవ్వినందుకు ముందు మమ్మల్ని క్షమించు. ఈస్టరుకు ఊరికి వస్తావు గదా. బస్సు దిగి నేరుగా మా ఇంటికి రా, కవరు తీసుకో, పాపకు అక్కడే తొడిగి, అప్పుడు మీ అమ్మ దగ్గరికి తీసుకెళ్లు.